కుట్టకూడని సీటు

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ మావయ్యా బాగున్నాం. మావయ్య మోకాలు కూడా బాగుంది, పని చెప్పినప్పుడు మాత్రమే నొప్పి పుడుతుంది. నీ ట్రైనింగ్ ఎలా సాగుతోంది? హాస్టల్లో నిద్ర పడుతోందా? నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. "అమ్మా, నీకు మతిగానీ పోయిందా, స్పోర్ట్స్ కారేంటి?" అని అడిగావు కదా, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఇరవై ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్లకి సీట్లు కుట్టాను. ఎన్ని వందల కార్లలో కూర్చున్నానో! అన్నీ షెడ్డులో ఆగి ఉన్నవే. లైసెన్సు పేరుకి ఉంది గానీ, కారుని లోపలికి తేవడం, బయట పెట్టడం తప్ప ఎరగను. నేలకి ఆనుకుని ఉండే ఆ చిన్న కార్లు పని అయ్యాక వెళ్ళేటప్పుడు ఒక చప్పుడు చేసేవి. వీధి మలుపు దాకా చెవొగ్గి వినేదాన్ని. ఆ మలుపు తిరుగుతుంటే లోపలున్న మనిషికి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఎన్నాళ్ళనించో ఆశ.

కొనే తాహతు లేదు కాబట్టి లీజు. నెలనెలా కట్టి, మూడేళ్ళకి తిరిగి ఇచ్చేయాలి. మనది కానిదానికి అంత పోయడం ఎందుకన్నావు. ఈ ఇల్లు మాత్రం మనదా? అద్దింట్లో ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోలేదూ!

మావయ్యని తోడు తీసుకుని షోరూంకి వెళ్ళాను. అక్కడి సేల్స్ ఆయన నన్ను వదిలేసి, "సార్, దీని స్పీడు చూడండి," అని మావయ్యకే చెబుతాడు. మావయ్య రెండు చేతులూ ఎత్తేసి, "నాకెందుకు బాబూ, నేను లిఫ్టు ఎక్కాలంటేనే భయపడతాను. తీసుకునేది మా అక్క," అన్నాడు.

ముందు ఒక ఎర్ర కారు చూపించాడు. ఒంటినిండా చారలు, వెనక రెక్క. "దీని ఇంజనూ మామూలుదాని ఇంజనూ ఒకటేనా?" అని అడిగాను. ఆయన కాస్త దగ్గి, "ఒకటేనండి, లుక్కు వేరు," అన్నాడు. పైన పటారం, లోన లొటారం! నెలకి ఎక్కువ కట్టమనేది ఆ చారలకే.

మూలన ఒక బూడిదరంగుది ఉంది. పోయిన ఏడాది మోడల్ కాబట్టి లీజు తక్కువ. చిన్నది, తేలికైనది, గేర్లు చేత్తోనే మార్చాలి. "ఇంత కిందికి ఎందుకు కూర్చోబెడతారు?" అంటే, "బరువు కిందుంటే మలుపులో ఒరగదండి," అన్నాడు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో నాకెవ్వరూ చెప్పలేదే! ఇన్సూరెన్సు ఎంత, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరగనిస్తారు, టైర్లు అరిగితే ఎవరు మార్పించాలి, అన్నీ అడిగాను. "బావని చేసుకునేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు కదక్కా," అన్నాడు మావయ్య. మీ నాన్న ఉంటే ఎంత నవ్వేవారో.

ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి. ఆ కారు సీటు అంచున కుట్టు ఊడి ఉంది. నా చెయ్యి ఊరుకుంటుందా? సంచిలోంచి వంకర సూది తీసి కుట్టడం మొదలుపెట్టాను. "మేడం! సీటు కోస్తున్నారా?" అని సేల్స్ ఆయన పరిగెత్తుకొచ్చాడు. "కుడుతున్నానయ్యా," అన్నాను. "మరి ఆ రక్తం?" అన్నాడు. చూస్తే సూది నా వేలిలో దిగి ఉంది. నాకు తెలియనే లేదు.

నా రాత వంకరపోయిందేంటని పోయిన ఉత్తరంలో అడిగావు. ఇదే కారణం. కుడిచేతి మూడు వేళ్ళకి ఆర్నెల్లుగా స్పర్శ లేదు. మణికట్టులో నరం నలిగిందట, ఇక సూది ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. స్టీరింగు పట్టుకోవచ్చా అని రెండుసార్లు అడిగాను, పట్టుకోవచ్చన్నాడు. కుట్టు మిషన్ అమ్మేశాను. అది గుమ్మం దాటిన రోజు గట్టిగానే ఏడ్చాను. లీజు అడ్వాన్సు ఆ డబ్బే. నెలనెలా కట్టేది ఇన్నేళ్ళూ దాచుకున్నదాంట్లోంచి. చెబితే ట్రైనింగ్ మధ్యలో వదిలేసి వస్తావని చెప్పలేదు. కోప్పడు, కానీ రాకు.

నిన్న కాగితాల మీద సంతకం పెట్టాను. రక్తపు మరక తుడిచేశారు, కుట్టు కూడా వాళ్ళే వేయించారు. ఎగుడుదిగుడుగా వేశారు, ఏమీ అనలేదు. సేల్స్ ఆయన షరతులు చదువుతూ ఒకచోట ఆగి, నావైపు చూసి గొంతు తగ్గించాడు: "సీట్లు విప్పకూడదు, మార్చకూడదు, కుట్టకూడదు." సరేనన్నాను.

మావయ్య బస్సులో వస్తానన్నాడు. నేనొక్కదాన్నే కూర్చుని కారు తీశాను. మన వీధి మలుపు తిరిగాక, ఇంటి ముందు ఆపకుండా ఇంకో మూడు మలుపులు తిరిగాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, కారులో కూర్చుని సీటు వంక కాకుండా రోడ్డు వంక చూశాను.

ఇట్లు,
షెడ్డులోంచి బయటపడ్డ
మీ అమ్మ