రెండు అంద్రెయ గుళ్ళు

చిరంజీవి చిట్టికి,

అమ్మ దీవెనలు. నేను, మీ నాన్న, ఆరు గుళ్ళు, స్కూటరు అందరం క్షేమమని రాయడం నాకు అలవాటు. ఈసారికి మీ నాన్న, స్కూటరు క్షేమం. నువ్వు బాగున్నావని అనుకుంటాను. చదువులో పడి తిండి మానెయ్యకు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు చిన్న ప్రశ్నలకు జవాబు రాసేస్తాను. నా మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది. మీ నాన్న గడియారాల కొట్టు పరవాలేదు. జనం ఇప్పటికీ ఇంటికొచ్చి "అయ్యగారున్నారా" అని అడుగుతున్నారు. మీ నాన్న కంటికి భూతద్దంతోనే బయటికొచ్చి, "అయ్యగారు తలస్నానం చేస్తోంది, కూర్చోండి" అంటున్నారు. నేను ఈ అంగీ తొడుక్కుని పదకొండేళ్ళు దాటింది. పాస్టరు ఆడమనిషైతే ఏమని పిలవాలో వీళ్ళకింకా తేలలేదు.

ఇక పెద్ద ప్రశ్న. పాస్టరు చదువు కాగానే నీకు ఎనిమిది గుళ్ళ పాస్టరేటు ఇస్తామన్నారనీ, నెలాఖరులోగా ఒప్పుకుంటూ సంతకం పెట్టాలనీ రాశావు. బిషప్పుగారు మీ కాలేజీకొచ్చి, మన ఆంగ్లికన్ పల్లె సంఘాలను ఎలా నడపాలో చెబుతూ నన్నే ఉదాహరణగా చూపించారనీ, రెండు అంద్రెయ గుళ్ళ కథ చెప్పి అందర్నీ నవ్వించారనీ రాశావు. "నువ్వు నవ్వుతూ ఆరు మోశావు కదమ్మా, నేను ఎనిమిది మొయ్యలేనా" అని అడిగావు. అది చదివి ఉత్తరాన్ని బల్ల మీద గట్టిగా కొట్టాను. మీ నాన్న విప్పి పెట్టుకున్న గడియారం చక్రం ఒకటి ఎగిరి ఎక్కడో పడింది. పాపం, సాయంత్రం దాకా నేల మీద పాకుతూ వెతికారు.

నవ్వుతూ మోశానట! నాకు ఒళ్ళు మండిపోతోంది చిట్టీ. నేను రాకముందు ఈ ఆరు గుళ్ళకు ముగ్గురు పాస్టర్లుండేవారు. ఒకాయన చోటికి నేనొచ్చాను. తర్వాత ఒకాయన రిటైరయ్యారు, ఇంకొకాయన్ని బదిలీ చేశారు. కొత్తవాళ్ళు వచ్చేదాకా తాత్కాలికంగా చూడమన్నారు. ఆ తాత్కాలికం మొదలై తొమ్మిదేళ్ళు. పోయిన నెల ఏడోది కూడా చూడమని బిషప్పుగారి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. అందులో నా సేవాభావాన్ని మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలున్నాయి, కొత్త మనిషిని ఎప్పుడు పంపుతారో ఒక్క ముక్క లేదు. మెచ్చుకోలు చదివినకొద్దీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆదివారం నా అవస్థ నీకెప్పుడూ సరిగ్గా రాయలేదు. ఏడింటికి వంతెన దగ్గర గుడిలో ఆరాధన, తొమ్మిదికి ఇంకోటి, పదకొండుకు మరోటి. అంగీ విప్పకుండానే స్కూటరెక్కుతాను. ఒకసారి ఒక గుడి పెళ్ళికొడుకు పేరును ఇంకో గుడి రోగుల జాబితాలో కలిపి, స్వస్థత కోసం గట్టిగా ప్రార్థించాను. అది నీకు రాశాను, నువ్వు పడీ పడీ నవ్వావు. నవ్వించేవన్నీ ఏరి రాశాను నీకు. తప్పు నాదే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి తొమ్మిది గంటలు. ఏడు మరీ పెందలాడే, పదకొండు మరీ ఆలస్యం, అందుకని ఆరు గుళ్ళకూ తొమ్మిదే కావాలి. నేనేమన్నా ఆరు ముక్కలై వెళ్ళాలా? ఒక గుడిలో మేస్త్రీ ఒకాయన సంఘ పెద్దగా ఉన్నాడు. మా తాతలనాటి నుంచీ మాది తొమ్మిదే అని ప్రతి మీటింగులో లేస్తాడు. మీ నాన్న ఆయనకు 'తొమ్మిది గంటల పెద్దమనిషి' అని పేరు పెట్టారు.

ఇప్పుడు బిషప్పుగారు చెప్పిన కథకు వస్తాను. ఆరింట్లో రెండు గుళ్ళకు పరిశుద్ధ అంద్రెయ పేరే. గుట్ట మీదది పై అంద్రెయ, వాగు పక్కది కింది అంద్రెయ, మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. ఏడు నెలల కిందట ఒక శనివారం మధ్యాహ్నం, కింది గుడిలో నలభై ఏళ్ళు గంట కొట్టిన గంట తాతకు ప్రాణం మీదికొచ్చింది. చివరిగా ప్రభువు సంస్కారం తీసుకుని పోతానన్నాడు, రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని రమ్మని నాకు ఫోన్ చేయించారు. నేను పొరపాటున పై అంద్రెయకు వెళ్ళాను. అక్కడ గంట కొట్టేవాడు నిక్షేపంగా నిచ్చెనెక్కి పెంకులు సర్దుతున్నాడు. నేను తిరిగి కిందికొచ్చేసరికి తాత పోయాడు. ఇదీ కథ. నిచ్చెన మీది మనిషి దగ్గర అందరూ నవ్వుతారట, తాత పోయాడనగానే అయ్యో అంటారట.

ఆ కథ అబద్ధం చిట్టీ. నేను పై గుడికి వెళ్ళనే లేదు.

ఫోన్ వచ్చినప్పుడు నేను మేస్త్రీగారి గుడిలో, ఆ తొమ్మిది గంటల గొడవ తేల్చే మీటింగులో ఉన్నాను. ఫోన్ చేసింది తాత పక్కింటి దర్జీ. "కింది అంద్రెయ అమ్మా" అన్నాడు. "తెలుసయ్యా, కింది గుడే కదా, వస్తున్నా" అన్నాను. అని, మళ్ళీ కూర్చున్నాను. తాత అంతకుముందు రెండుసార్లు ఇలాగే పిలిపించి, సంస్కారం తీసుకుని, మర్నాడు లేచి గంట కొట్టాడు. ఇప్పుడూ అంతేలే అనుకున్నాను. కానీ అసలు కారణం అది కూడా కాదు. ఆ రోజు వాదనలో నేను గెలుస్తున్నాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మేస్త్రీగారికి మాట తడబడుతోంది. ఇంకో పావుగంట ఉంటే ఆయన నోరు శాశ్వతంగా మూయించవచ్చనిపించింది. పావుగంట కాస్తా గంటా పది నిమిషాలైంది. కోపం అంత రుచిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను వెళ్ళేసరికి తాత మొహం మీద దుప్పటి కప్పేశారు. ఏమైందమ్మా అని ఎవరో అడిగారు. పై గుడికి వెళ్ళానని నోటికొచ్చేసింది. నిచ్చెన, పెంకులు తర్వాత కలిపాను. ఒక్కరూ అనుమానించలేదు. ఆరు గుళ్ళు తిరిగే మనిషి తికమకపడటంలో వింతేముంది? నా మీద జాలిపడ్డారు కూడా. తాత శవపేటిక పక్కన నిలబడి ఆ జాలిని పుచ్చుకున్నాను. సిగ్గులేని దాన్ని.

నీ ఉత్తరం చదివిన సాయంత్రమే బిషప్పుగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన నెమ్మదిగా, "ఆ కథ అలాగే ఉండనివ్వమ్మా, పిల్లలకు ధైర్యమిస్తోంది" అన్నారు. నేను ఏమన్నానో ఉత్తరంలో రాయకూడదు. ఏడో గుడి నావల్ల కాదని మర్నాడే రాసి పంపాను. ఆదివారం రెండు అంద్రెయ గుళ్ళలోనూ నిలబడి నిజం చెబుతాను. ఆ తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం.

గుళ్ళలో చెప్పేముందు తాత భార్యకు చెప్పాలి కదా. నిన్న పొద్దున వెళ్ళాను. పెద్దమ్మ అంటాం మేమంతా. వంటగదిలో పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"నాకు తెలుసమ్మా" అంది. "దర్జీ ఫోను స్పీకర్లో పెట్టాడు. కింది గుడే కదా, వస్తున్నా అన్నారు మీరు. నేను విన్నాను. ఆయనా విన్నాడు. వస్తున్నారుగా, ఉతికిన చొక్కా వెయ్యవే అన్నాడు. వేశాను."

గోడ పట్టుకుని కింద కూర్చున్నాను. మరి ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదని అడిగాను.

"మీరే చెబుతారని చూశాను. దర్జీని కూడా నోరెత్తొద్దన్నాను. ప్రతి ఆదివారం అనుకునేదాన్ని, ఈ వారం చెబుతుందిలే అని. ఏడు నెలలు పట్టిందమ్మా మీకు."

క్షమించానని అనలేదు. క్షమించమని అడిగే మొహం నాకూ లేదు. ప్రార్థన చేద్దామా అన్నాను, నా నోటికి అదొక్కటే వచ్చింది. వద్దంది. ఊరికే కూర్చోమంది. సరేనని, చేట దగ్గరికి లాక్కుని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. సాయంత్రం దాకా అక్కడే ఉండాలనుకున్నాను. అయిదు నిమిషాలు కాకుండానే నా ఫోన్ మోగింది. తియ్యలేదు. ఆగి మళ్ళీ మోగింది. పెద్దమ్మ అప్పుడు మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసి, తియ్యమంది.

వంతెన గుడి నుంచి. అక్కడి ముసలి టీచరమ్మకు ఊపిరాడటం లేదట, నన్ను అడుగుతోందట. ఫోన్ పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక పెద్దమ్మ వైపు చూశాను.

"వెళ్ళండి" అంది. "ఈసారైనా వెళ్ళండి."

వెళ్ళాను చిట్టీ. సంతకం సంగతి ఇక నువ్వే తేల్చుకో.

ఇట్లు,
మీ అమ్మ