ఎవరు రాశారని అడిగితే

ప్రియమైన మనవరాలికి,

కింది ఇంటి లైబ్రేరియన్ గారు పొద్దున్నే పేపరు పట్టుకుని పైకి వచ్చాడు. మనిషి రిటైరయ్యాడు గానీ నోరు రిటైరవలేదు. "మేడమ్, మీ అమ్మాయి పనిచేసిన కంపెనీ ఆ టైంటేబుల్ సాఫ్ట్‌వేరుని లోకానికి ఉచితంగా ఇచ్చేస్తోందట! ఎవరైనా తీసుకోవచ్చట, మార్చుకోవచ్చట!" అన్నాడు, ఇస్తున్నది తనే అన్నంత సంబరంగా. "మొత్తం ఇస్తున్నారా?" అన్నాను. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివి, "కొంత భాగం" అని గొంతు తగ్గించాడు.

ఫొటోలో మీ కంపెనీ పెద్దాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. చేతులు బాగానే ఉన్నాయి, ఆ ప్రోగ్రాం రాసిన చేతులు మాత్రం అవి కావు. ఏ పీరియడ్‌కి ఏ టీచరు, ఏ గది అన్నది క్షణంలో తేల్చిపారేసే ఆ సాఫ్ట్‌వేరుకి మొదటి వరస రాసింది మీ అమ్మ. హెడ్‌మిస్ట్రెస్‌గా నేను ప్రతి వేసవిలోనూ నేల మీద చార్టు పరిచి, చెరిపి రాసి, రాసి చెరిపి నడుం విరగ్గొట్టుకుంటుంటే పక్కన కూర్చుని చూసింది. "ఇది మిషను చెయ్యగలదమ్మా" అంది. చేయించింది కూడా. మీ అమ్మ పోయి రెండేళ్ళు దాటింది, మిషను మాత్రం నిక్షేపంగా ఉంది.

నువ్వూ అక్కడే, అదే ప్రోగ్రాం మీద పనిచేస్తున్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఫోన్లో అడిగితే నీ జవాబు నాకు వినబడదు. వినబడే రోజుల్లో నువ్వు నీళ్ళు నమిలేదానివి. అందుకే కాగితం. ఆ సరుకు మీద మీ అమ్మ పేరు ఉంటుందా, ఉండదా? ఒక్క మాటలో రాయి.

దీవెనలతో,
అమ్మమ్మ


ప్రియమైన అమ్మమ్మా,

ఒక్క మాటలో: తెలీదు. ఇప్పుడు నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, తిట్టకు.

కోడ్ బయటపెట్టడమంటే తలుపు తీసి పక్కకి తప్పుకోవడం కాదు. ముందు ఇల్లు కడగాలి. ప్రోగ్రాం రాసేవాళ్ళు వరసల మధ్య చిన్న చిన్న వ్యాఖ్యలు రాసుకుంటారు. మిషను వాటిని పట్టించుకోదు, తరవాత వచ్చే మనుషుల కోసం అవి. అందులో తిట్లుంటాయి, జోకులుంటాయి, పేర్లుంటాయి. అవన్నీ తుడిచేయాలి. ఆ పని నాకిచ్చారు. టీంలో అందరికన్నా చిన్నదాన్ని. పైగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన తెలుగు మాటలు చదవగలిగేది నేనొక్కదాన్నే.

అవును, అమ్మ మన మాటల్లోనే రాసింది. "ఇక్కడ చెయ్యి పెట్టిన మహానుభావుడు ఎవరో, ముందు చేతులు కడుక్కుని రండి" అని ఒకచోట. "ఇది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు, కదపకండి" అని ఇంకోచోట. "మా అమ్మ చూస్తే చెవి మెలేస్తుంది" అని మరోచోట. చదివాను, నవ్వాను, చెరిపేశాను. చెరపడానికే నాకు జీతం.

నిజం చెప్పనా? ఒళ్ళు మండింది కూడా. ఇంట్లో అమ్మ ఇన్ని మాటలు మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, గోడకేసి చూస్తూ కూర్చునేది. మాటలన్నీ ఈ ఫైళ్ళలో ఖర్చుపెట్టి వచ్చేదన్నమాట. ఆవిడ కడుపున పుట్టింది ఈ ప్రోగ్రామే, నేను పక్కింటి పిల్లని.

పేరు సంగతి మా న్యాయ విభాగం ఆయన్ని అడుగుతాను. మాటిస్తున్నాను.

నీ
గడుగ్గాయి


ఓసి గడుగ్గాయీ,

పక్కింటి పిల్లవా? పక్కింటి పిల్లలు నా బుర్ర ఇంతగా తినలేదు. తల్లి మీద కోపం తీర్చుకోవాలంటే తల్లి ఎదురుగా ఉండాలి. ఇప్పుడు నీకు దొరికేది నేనొక్కదాన్నే, నామీద తీర్చుకో. ఇంకెవరికీ రాయకు, పరువు పోతుంది.

ఆ చెవి మెలేసే వాక్యం మాత్రం ఉంచాల్సింది. నా గురించి లోకానికి ఒక్క నిజమైనా తెలిసేది.

నా దగ్గర చదివిన పిల్లలు బెంచీల మీద కంపాస్‌తో పేర్లు చెక్కేవాళ్ళు. దొరికినవాళ్ళకి గరుకు కాగితం ఇచ్చి, కనబడకుండా పోయేదాకా గీకించేదాన్ని. ఇప్పుడు నా మనవరాలు ఆఫీసులో కూర్చుని తల్లి మాటలు గీకుతోంది. అప్పుడు ఆ పిల్లలకి ఎలా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది.

పేరెందుకు, పోయినవాళ్ళకి పేరుతో ఏం పని అంటావేమో. పోయినవాళ్ళకి అక్కర్లేదు, నాకు కావాలి. మీ అమ్మ ఇంటికి రాని గంటలన్నీ అక్కడున్నాయి. అవి ఎవరి గంటలో ఎక్కడో ఒక మూల రాసి ఉండాలి. ఆస్తి అడగడం లేదు. విగ్రహం అడగడం లేదు. ఒక్క పేరు.

ఆ న్యాయ విభాగం ఆయన తల అడ్డంగా ఊపితే ఊరుకుని రాకు. ఎందుకని అడుగు. రెండోసారి అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు.

ఆత్రంగా,
అమ్మమ్మ


ప్రియమైన అమ్మమ్మా,

అడిగాను. రెండుసార్లూ అడిగాను. ఆయన దగ్గర రెండోసారి కూడా జవాబుంది.

మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, "ఒకరి పేరు ఉంచితే అందరి పేర్లూ ఉంచాలమ్మా. అందరి అనుమతీ కావాలి. లేనివాళ్ళని ఎలా అడుగుతాం?" అన్నాడు. "కూతుర్ని నేనున్నాను కదా, నేనిస్తాను" అన్నాను. "నువ్వు మా ఉద్యోగివి కూడా. నీకోసం నియమం మార్చామంటారు" అన్నాడు. ఆయన బల్ల మీద ఎవరో చిన్నపిల్ల వేసిన బొమ్మ ఉంది. తిట్టబుద్ధి కాలేదు.

ప్రతి ఫైలు నెత్తినా కంపెనీ పేరుంది. ఎవరు కాపీ తీసుకున్నా, ఎంత మార్చుకున్నా ఆ పేరు మాత్రం చెరపకూడదు, షరతు. ఏ వరస ఎవరు ఎప్పుడు రాశారో చెప్పే చరిత్రని లోపలే ఉంచేశారు. ఇవాళ ఎలా ఉందో అలా, ఇస్తున్నదంతా ఒకే ముద్దగా బయటికి పంపాం. పెద్ద హాల్లో అందరినీ నిలబెట్టి, "కడిగింది ఈ అమ్మాయే, ఈమే పంపాలి" అని నాచేత బటన్ నొక్కించారు. చప్పట్లు కొట్టారు. మా పెద్దాయన మాట్లాడాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

ఇంకా రాయాల్సింది ఉంది. ఇప్పుడు చేతకావడం లేదు.

నీ
మనవరాలు


సాఫ్ట్‌వేరు రచయిత్రి గారికి,

లైబ్రేరియన్ గారు నిన్న నన్ను కిందికి పిలిచి తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. భూతద్దం పెట్టుకుని చూశాను. ఎన్ని ఫైళ్ళున్నాయో ఆయన కిందికి జరుపుతూనే ఉన్నాడు. ప్రతిదాని పక్కనా రాసినవారి పేరని ఒకటే పేరుంది. నీది.

"మీ మనవరాలు మేధావండీ!" అన్నాడు.

"అవునండీ, తను పుట్టకముందు రాసినవి కూడా తనే రాసింది" అన్నాను. జోకు అనుకుని నవ్వాడు. పాపం, మంచివాడు. టీ ఇచ్చాడు, తాగకుండా పైకి వచ్చేశాను.

తల్లి పేరు పెట్టించలేకపోయావు. సరే, చిన్నదానివి, నీ మాట ఎవరు వింటారు అనుకున్నాను. దాని చోట నీ పేరు ఎలా వచ్చింది? ఎవరు పెట్టారు? నువ్వు చూసి కూడా ఊరుకున్నావా? నీకు అమ్మ మీద కోపం ఉందని తెలుసు. కోపాన్ని ఇలా తీర్చుకుంటారని తెలీదు.

జవాబు రాయకపోయినా సరే. అర్థం చేసుకుంటాను, నా పద్ధతిలో.

ఇట్లు,
హెడ్‌మిస్ట్రెస్ (రిటైర్డ్)


ప్రియమైన అమ్మమ్మా,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నీ సంతకం కనబడేది.

ఆ పేరు ఎవరూ పెట్టలేదు. బటన్ ఎవరు నొక్కితే వాళ్ళ పేరు పడుతుంది, అంతే. చరిత్ర లేకుండా ముద్దగా పంపితే ఆ ముద్ద మొత్తం పంపినవాళ్ళ పేరు మీదికి వస్తుంది. అది నాకు తెలీని విషయం కాదు, రోజూ చేసే పనే. అందరూ చప్పట్లు కొడుతుంటే బుర్ర పనిచేయలేదు. వేరే ఎవరి కంప్యూటరులోంచి నొక్కినా సరిపోయేది.

దిద్దుదామంటే వీలవలేదు. చప్పట్లయ్యాక మమ్మల్ని గాజు గోడల గదిలోకి పిలిచి, "ఇక దీన్ని లోకమే చూసుకుంటుంది" అన్నారు. అంటే ఇక మేం అక్కర్లేదని. టీం మొత్తాన్ని తీసేశారు, అమ్మమ్మా. బ్యాడ్జి ఇచ్చేసి, నా కప్పు నేను తీసుకుని వచ్చేశాను. అమ్మ పేరు చేర్చమని బయటినుంచి అర్జీ పెట్టాను. దాన్ని ఒప్పుకోవడానికి గానీ కాదనడానికి గానీ లోపల మనిషి లేడు.

ఇప్పుడు ఆ కోడ్‌ని కొందరు అపరిచితులు కాపీ తీసుకుని నడుపుతున్నారు. బళ్ళలో కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు, ఒకరిద్దరు టీచర్లు. జీతం లేదు, అయినా శ్రద్ధగా చేస్తున్నారు. బళ్ళన్నీ మెల్లిగా వాళ్ళ కాపీకే మారుతున్నాయి. వాళ్ళకో పద్ధతుంది: ప్రోగ్రాంలోని ఏ నియమానికైనా దాన్ని రాసిన మనిషే ఉండి జవాబు చెప్పాలి. లేకపోతే తీసేస్తారు. ఆఖరి పీరియడ్‌లో ల్యాబ్ పెట్టకూడదన్న నియమం గురించి నన్ను అడిగారు. "రాసింది మా అమ్మ, ఇప్పుడు లేదు" అని నిజం చెప్పాను. చాలా బాధపడుతూ రెండు వాక్యాలు రాశారు. సాయంత్రానికల్లా ఆ నియమం తీసేశారు.

ఇప్పుడు ఇంకొకటి అడుగుతున్నారు. టీచరు బిడ్డ అదే బళ్ళో చదువుతుంటే, ఆ బిడ్డ భోజనం గంటలో ఆ టీచరుకి పీరియడ్ వేయకూడదని ఒక నియమం ఉంది. ఏ బడీ దాన్ని కోరినట్టు లేదు. దానివల్ల లెక్క నెమ్మదిగా సాగుతోందట. "మీరే రాశారు కదా, ఎందుకు పెట్టారు? ఉంచాలా, తీసేయాలా?" అంటున్నారు. దాని పక్కన అమ్మ ఏదో వ్యాఖ్య రాసే ఉంటుంది. నేనే చెరిపి ఉంటాను. చెరిపినవన్నీ గుర్తు లేవు.

ఇది నువ్వు నేర్పిందా? నీ చార్టులో ఉండేదా? తెలిస్తే త్వరగా రాయి. తెలీదని చెప్పానంటే తీసేస్తారు.

తిట్టినా సరే,
నీ గడుగ్గాయి


నా తల్లీ,

ముందు తిండి సరిగ్గా తిను. ఉద్యోగం పోయిందని ఇన్నాళ్ళు నాకు చెప్పకపోవడం గురించి వేరే ఉత్తరంలో తిడతాను, అది పెద్దదవుతుంది.

నా చార్టులో అలాంటి నియమం లేదు. అది మీ అమ్మ సొంతం. ఎందుకు పెట్టిందో నాకు నీ ఉత్తరం చదివేదాకా తెలీదు. ఇప్పుడు తెలిసింది.

నువ్వు బళ్ళో చేరిన ఏడాది మధ్యాహ్నం డబ్బా మూత తీసేదానివి కాదు. టీచరు బతిమాలినా, ఆయా బెదిరించినా అంతే. పొద్దున పెట్టింది పెట్టినట్టు సాయంత్రం ఇంటికి వచ్చేది. నేను నా బళ్ళో, మీ అమ్మ ఆఫీసులో. మధ్యాహ్నం ఒక్క గంట వెళ్ళనివ్వండి, సాయంత్రం ఉండి పనిచేస్తానని అది ఆఫీసులో అడిగింది. కుదరదన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగింది. ఆ తరవాత అడగడం మానేసింది. అప్పటినుంచే ఆ గోడకేసి చూడడం.

ఆ వేసవిలో ఒకరోజు నా పక్కన కూర్చుని, "అమ్మా, సొంత పిల్లలు అదే బళ్ళో చదివే టీచర్లు ఉంటారా?" అంది.

"ప్రతి బళ్ళోనూ ఉంటారు. పక్క గదిలోనే ఉన్నా పిల్ల తిన్నదో లేదో చూసే దిక్కుండదు. ఆ టైంకి క్లాసు పడుతుంది" అన్నాను.

"అయితే సరే" అంది. ఏం సరేనో నేనడగలేదు. అది మాత్రం చాలా రోజుల తరవాత నవ్వింది, జామకాయలు దొంగిలించడానికి వెళ్ళే పిల్లలా.

తరవాత ఆ సాఫ్ట్‌వేరు మా బడికీ వచ్చింది. మా సైన్సు టీచరు నా గదిలోకి వచ్చి, "మేడమ్, ఈ ఏడు నా ఖాళీ పీరియడ్ సరిగ్గా మా వాడి భోజనానికి పడింది, దేవుడి దయ" అంది. మా డ్రాయింగు టీచరూ అదే మాటంది. దేవుడి దయే కాబోలని నేనూ ఊరుకున్నాను. ఎన్ని బళ్ళలో ఎంతమంది అలా అనుకున్నారో. నీ దగ్గరికి తను రాలేకపోయింది. వెళ్ళడానికి దారి ఉన్నవాళ్ళని వాళ్ళ పిల్లల దగ్గరికి పంపింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఆ నియమం రాసింది నువ్వేనని వాళ్ళకి జవాబివ్వు.

అబద్ధమే. పేరు కోసం నిన్ను నానా మాటలూ అన్నది నేనే, అదీ గుర్తుంది. మీ అమ్మ రాసిందని చెప్పావంటే మళ్ళీ రెండు వాక్యాలు బాధపడి సాయంత్రానికి తీసేస్తారు. వాళ్ళకి బతికున్న మనిషి కావాలి, నువ్వు బతికున్నావు. రేపు ఇంకొకటి అడుగుతారు, దానికీ "నేనే రాశాను" అనాలి. అనగా అనగా ఇది మీ అమ్మ రాసిందన్న మాట నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీకుండా పోతుంది. నా తరవాత నీ ఒక్కదానికే. అన్నీ ఆలోచించే చెబుతున్నాను. చెప్పడం సులువుగా లేదు, రాసి చింపగా ఇది మూడో కాగితం.

మరీ వినయంగా రాయకు, వినయంగా రాస్తే బేరమాడతారు. లెక్క నెమ్మదిగా సాగితే సాగనివ్వండి, పిల్లలున్న టీచర్లకి ఆ గంట కావాలి, తీయడానికి వీల్లేదు అని రాయి. కింద నీ పేరు పెట్టు.

నీ
అమ్మమ్మ