కరివేపాకు మాడిన మధ్యాహ్నం

సూరత్, డిండోలి
11 జూలై 2021, ఆదివారం

సంధ్యకు,

నేను క్షేమమన్న మాట ప్రతి ఉత్తరంలోనూ మొదటి వాక్యంగా రాస్తాను. ఈసారి జరిగినది ముందు వరసగా రాస్తున్నాను. చదివిన తరువాత ఆ మాట రాయదగునో లేదో నువ్వే చెప్పు. ఊళ్లో పురుడైన మన హారతి, పసిబిడ్డ, బావ, అక్క అందరూ బాగున్నారని నీ ఉత్తరంలో చదివాను. ఆ ఒక్క వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

1. మొన్న శుక్రవారం మధ్యాహ్నం, ఆల్థాన్‌లోని జానకమ్మగారి పొడుల ఆర్డరు కోసం కరివేపాకు కడిగి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టడానికి మైక్రోవేవ్‌లో పెట్టాను. వానల వల్ల బయట ఆరబెట్టే వీలు లేదు.

2. నేను దానికి వీపు పెట్టి కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాను. కళ్లు మండి వెనుదిరిగేసరికి గది నిండా పొగ. ఆకంతా మసి అయింది.

3. ప్లగ్గు పీకాను. తలుపు వెంటనే తెరవకుండా, లోపలి పొగ అణిగేదాకా ఆగాను.

4. నాకు ఏమీ కాలేదు. పెట్టె కూడా పనిచేస్తున్నది. లోపలి గోడలు మాత్రం నల్లబడ్డాయి.

ఫోన్‌లో చెప్పవచ్చు కదా అని బావ అనవచ్చు. మగ్గాల మోతలో పోయిన నీ చెవికి వినిపించేలా చెప్పాలంటే నేను అరవాలి; నీకన్నా ముందు బావ వింటాడు, తరువాత మీ వీధి వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవవలసిన సంగతి.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. ఓవెన్‌ను శుభ్రంగా ఉంచుతున్నానా? సరిగ్గా తింటున్నానా? బిడ్డను తొట్టెలలో వేయగానే నువ్వు బయలుదేరాలా, హారతికి మూడో నెల వచ్చేదాకా ఉండాలా? చివరి ప్రశ్నకు జవాబు చివరనే రాస్తాను.

మొదటిది. జానకమ్మగారు నీకిచ్చిన వస్తువు అది. నువ్వు వచ్చేసరికి దాని మొహం నల్లబడి ఉంటే ఊరుకోనని రాశావు. నీ ఉత్తరం గురువారం అందింది, శుక్రవారం దాని మొహం నల్లబడింది. ఏ మందూ కొట్టకుండా, తినే వస్తువులతోనే శుభ్రం చేశాను. గాజు పళ్లెం బయటికి తీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కడిగి తిరిగి పెట్టాను. ఒక గాజు గిన్నెలో నీళ్లు పోసి, నిమ్మకాయను చక్రాలుగా కోసి పిండి, తొక్కలు కూడా అందులోనే వేసి, చెంచాడు సిర్కా, అదే వెనిగర్, కలిపాను. నీళ్లు ఒక్కసారిగా పొంగి మీద పడకుండా చెక్క గరిటె నిలబెట్టి, గిన్నెను పెట్టెలో ఉంచి మరిగించాను. నీళ్లు మరిగిన తరువాత తలుపు తెరవక ఆవిరిని లోపలే ఉండనిచ్చాను. ఈ ఓపికే అసలు పని; ఆవిరి పట్టిన మసి మెత్తబడి గుడ్డకు దానంతటదే వచ్చేస్తుంది. మూలల్లో మిగిలిన మరకలకు తినే సోడాను నీళ్లతో ముద్దగా కలిపి పూసి, కాసేపాగి తడిగుడ్డతో తుడిచాను. ఇనుప పీచు ముట్టలేదు. గాలి వచ్చే రంధ్రాల మీద తడి పడనివ్వలేదు. చివరికి లోపల నా ముఖం మసకగా కనిపించింది.

పనంతా అయిన తరువాత తల లోపలికి వంచాను. వెచ్చటి తడి గాలి ముఖానికి తగిలింది. అంతే.

అప్పుడే మన పై అంతస్తు కనకవ్వ ఉల్లిగడ్డల కోసం వచ్చింది. గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందన్నా, లోపట బట్టీ వెట్టినవా?"

ఆకు మాడిందనీ, ఇప్పుడు సాఫ్ చేశాననీ, నిమ్మకాయ వాసనే ఉన్నదనీ చెప్పాను.

"నిమ్మకాయనా? గింత మాడు కంపు గొడుతుంటే! వదినెతోని నీ ముక్కు గూడ ఊరికి వోయిందా ఏంది?"

అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె నవ్వు ఆపేసి గట్టు మీద ఆరబోసిన ధనియాల పొడి గుప్పిట్లోకి తీసుకుని చూసింది.

"ఇది గూడ మాడిందే. ఎప్పటి సంది గిట్ల?"

"జరమొచ్చినప్పటి సంది."

"వదినెకు ఎరుకేనా?"

నేను మళ్లీ తడిగుడ్డ చేతిలోకి తీసుకున్నాను. ఆమె పొడి మళ్లీ పళ్లెంలో పోసి, జర గట్టిగానే అన్నది: "ఆకు మాడితే మల్ల తెచ్చుకుంటవు. ఈ ముచ్చట నువ్వు చెప్పకముందు నా నోట పడితే, వదినె నీ మొకం ఎట్ల జూస్తదన్నా?"

అందుకని రాస్తున్నాను. ఏప్రిల్ చివర నాకు జలుబు అని నీకు చెప్పినది జలుబు కాదు. కరోనా పరీక్ష చేయించుకోలేదు, అప్పుడు ఆసుపత్రుల ముందు ఉన్న వరసలు చూసి తిరిగి వచ్చేశాను. కనకవ్వ గుమ్మం దగ్గర జావ పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేది. ఆమెతో నీకు చెప్పవద్దని మాట తీసుకున్నాను. హారతికి అప్పటికి ఏడో నెల. నీకు తెలిస్తే అక్కడ ఉండలేవు, ఇక్కడికి రాలేవు. జ్వరం తగ్గింది, ఊపిరి సాఫీగానే ఉన్నది. వాసన మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు.

రెండో ప్రశ్నకు కూడా ఇదే జవాబు. వేళకు తింటున్నాను. పులుపు, ఉప్పు, కారం తెలుస్తాయి. అది పచ్చిపులుసో చారో కళ్లతో చూసి తెలుసుకోవాలి.

మగ్గాలు ఆగిపోయి మనం పొడుల పని మొదలుపెట్టినప్పుడు, వేపడం నాకు ఎవరూ నేర్పలేదు. మెంతులు ఏ వాసనకు దించాలో, జీలకర్ర ఏ వాసన దాటితే చెడుతుందో, పొయ్యి దగ్గర నిలబడి నేనే నేర్చుకున్నాను. ఈ రెండు నెలలు రంగు చూసి, చిటపటలు విని నెట్టుకొచ్చాను. పోయిన నెలలో జానకమ్మగారు ఫోన్ చేసి, ఏమనుకోకండి నరహరిగారూ, ఈసారి పొడి కాస్త చేదుగా ఉందండీ అన్నారు. మిరపకాయల రకం మారిందని అబద్ధం చెప్పాను.

ఆ దిగులు నీకు వద్దు. శనివారం ఉదయం నుంచి కనకవ్వ పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నది. నేను వేపుతాను, ఆమె "దించు" అంటుంది, నేను దించుతాను. మాడిన పొడి పారబోసి, కొత్తది చేసి, ఈ ఉదయమే జానకమ్మగారికి పంపి, నిజం చెప్పాను. కనుక పని ఆగదు. పని కోసం నిన్ను రమ్మనడానికి నాకు సాకు లేదు.

ఇంకొకటి ఉన్నది. కనకవ్వకు కూడా తెలియనిది.

నువ్వు బయలుదేరిన రోజు దండెం మీద వదిలిన ఆకుపచ్చ చీర నేను ఉతకలేదు. మరచి కాదు. పనంతా ముగించుకున్నాక దాని పక్కన కూర్చునేవాణ్ణి. నీ తలనూనె, పోపు, చెమట అన్నీ అందులో ఉండేవి. నువ్వు పక్క గదిలోకి వెళ్లావని, ఇప్పుడే వస్తావని అనిపించేది. మనకు పక్క గది లేదు. అయినా అనిపించేది. జ్వరం తగ్గిన రోజు లేచి మొట్టమొదట ఆ చీర ముఖానికి పెట్టుకున్నాను. వట్టి గుడ్డ తగిలింది. ఇరవై మూడేళ్లుగా ఎరిగిన మనిషి ఈ ఇంట్లో ఉన్నదనడానికి అదొక్కటే నా దగ్గర ఉండేది, సంధ్యా. ఆ తరువాత నీకు రెండు ఉత్తరాలు రాసి, రెండింటిలోనూ ఇక్కడ నాకే లోటూ లేదు, నిమ్మళంగా ఉండు అన్నాను.

బాలింతను విడిచి రమ్మనడం న్యాయం కాదని నాకు తెలుసు. అక్క ఉన్నది, బావ ఉన్నాడు, అయినా తల్లి తల్లే. హారతికి నీ అవసరం నాకంటే ఎక్కువేనని లెక్క తేల్చుకునే ఇన్నాళ్లూ ఆగాను. ఇక ఆ లెక్క నాకు కుదరడం లేదు. నీ మూడో ప్రశ్నకు నా జవాబు: తొట్టెల కాగానే రా.

రాలేకపోతే రాలేనని రాయి. నేను కోపగించుకోను, మూడో నెల దాకా ఆగుతాను. కానీ నీ ఇష్టం ఎట్లుంటే అట్ల అని మాత్రం రాయకు. నా ఇష్టం ఏమిటో పైన రాశాను.

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు.

ఇట్లు,
నీ భర్త,
ఆడెపు నరహరి