కొత్త చేపలకు విడిది

నిజ్వా, ఒమన్
శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు సుగుణ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసేది. నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని తలుస్తానని ఎప్పటిలా రాసేద్దామంటే ఈసారి చెయ్యి రావట్లేదు. కనుక నేరుగా అడుగుతున్నాను. దగ్గు ఎలా ఉంది? కఫంలో మళ్ళీ ఎరుపు కనిపించిందా? సూదులు సరిగ్గా వేయించుకుంటున్నావా, కాస్త నెమ్మదించింది కదా అని మానేశావా? వదిన ఎలా ఉంది? నా బుజ్జి అన్నం తింటోందా, ఇంకా పాలబువ్వతోనే సరిపెడుతోందా?

నీ ఉత్తరం అందింది. అబ్బ, ఏం కోపం అన్నయ్యా! కాగితం వెనక వైపుకి కూడా అక్షరాలు దిగిపోయాయి.

నీ తప్పేం లేదులే. నీకు క్షయ అని తెలిసిన వారంలో నేను వదినకి రాసిన ఉత్తరం అలాంటిది. అన్నయ్యకి వేరు గ్లాసు, వేరు కంచం, వేరు చాప పెట్టు, బుజ్జిని దగ్గరికి రానివ్వకు అని నాలుగు ముక్కలు రాసి పోస్టులో పడేశాను. దానికి నువ్వు, "హోటలోడు చూరులో దోపిన గ్లాసు నేనే తీసుకుని, నేనే కడుక్కుని, బయట నిలబడి తాగాను పదేళ్ళు. ఇప్పుడు నా ఇంట్లో, నా పెళ్ళాం చేత్తో, నాకు వేరు గ్లాసు పెట్టిస్తావా? నిన్ను నర్సు చదువు చదివించింది ఇందుకేనా?" అని రాశావు.

అది చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ గ్లాసు నాకు మాత్రం తెలీదా? బడికి పోయేటప్పుడు అదే గ్లాసు నువ్వు ముందు కడిగి, నీ చొక్కాతో తుడిచి, నాకు ఇచ్చేవాడివి. అయినా ఆ మాట నా కలంలోంచి ఎలా వచ్చిందో తెలుసా? నాకు తెలిసింది మొన్నీమధ్యే, అదీ చేపల వల్ల. నవ్వకు, మొత్తం విను.

మా ఆసుపత్రిలో రోగులు కూర్చునే హాల్లో ఒక పెద్ద గాజు తొట్టి ఉంది. ఇంతకుముందున్న ఇంగ్లీషు డాక్టరు దొర వెళ్తూ వెళ్తూ వదిలేసిపోయాడు. అందులో రంగురంగుల చేపలు. కొండల్లోంచి వచ్చిన ముసలమ్మలు సూదికి భయపడి మొండికేస్తారు కదా, తీసుకెళ్ళి ఆ తొట్టి ముందు కూర్చోబెడితే చాలు, చెయ్యి వాళ్ళే చాపుతారు. అంత పని చేసేవి ఆ చేపలు. మా డ్రైవరు సాలెం మందుల కోసం మత్రా రేవుకి వెళ్ళినప్పుడల్లా అక్కడి దుకాణంలో ఒకటో రెండో కొత్తవి కొని ప్లాస్టిక్ సంచిలో తెస్తాడు. ఆ మధ్య తెచ్చిన ఎర్రవాటిని తెచ్చినవి తెచ్చినట్టే పెద్ద తొట్టిలో వదిలేశాడు. వారం తిరక్కుండా అన్నింటి ఒంటిమీదా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకునేవి పాపం. పాతవాటిలో సగం పోయాయి. మిగిలిన వాటిని నీలం మందు వేసి బతికించాం.

మా డాక్టరు పాకిస్తానీ ఆయన, పెద్దవాడు, మంచివాడు. నాతో ఉర్దూలోనే మాట్లాడతాడు. ఇకమీదట కొత్త చేప ఏది వచ్చినా మూడు వారాలు చిన్న తొట్టిలో విడిగా ఉంచాలన్నాడు. ఆ పని ఎవరికి పడింది? "ఐసొలేషన్ వార్డు సిస్టర్ ఉండగా ఇంకొకళ్ళెందుకు?" అని నాకే అంటగట్టారు. నేనూ పొంగిపోయాను. విడిగా ఉంచడం నాకు చెప్పాలా? పదేళ్ళ సర్వీసు!

ల్యాబులో మూలపడేసిన గాజు తొట్టి ఒకటి తెచ్చాను. డెట్టాల్ పోసి, బ్రష్ పెట్టి, ఆపరేషన్ గదిలో బల్ల తోమినట్టు తోమాను. తళతళలాడిపోయింది. కుళాయి నీళ్ళు నింపాను. అడుగున రాయి లేదు, రప్ప లేదు. కిటికీ పక్కన వెలుతురులో పెట్టాను, ఎవరికి ఏ జబ్బున్నా కనిపించాలని. సాలెం తెచ్చిన నాలుగు చేపల్నీ అందులో వదిలి, చార్టు కూడా రాసి తగిలించాను. మర్నాటి సాయంత్రం డ్యూటీ దిగేసరికి నాలుగూ వెల్లకిలా తేలుతున్నాయి.

డాక్టరు వచ్చి తొట్టి వాసన చూసి నా మొహంకేసి చూశాడు. "సిస్టర్, యే మరీజ్ హై, ఫర్ష్ నహీ," అన్నాడు. ఇవి రోగులమ్మా, గచ్చు కాదు అని. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఇంకా బాధ. "జబ్బుకి భయపడి కడిగావు. చేపని మర్చిపోయావు," అన్నాడు.

వదినకి ఆ ఉత్తరం రాసింది కూడా ఆ వారంలోనే అన్నయ్యా.

రెండోసారి పొగరు పక్కన పెట్టి ఆయన చెప్పినట్టే చేశాను. తొట్టిని ఉప్పుతో రుద్ది, పదిసార్లు మంచినీళ్ళతో తొలిచి, ఎండలో ఆరబెట్టాను. పెద్ద తొట్టి నీళ్ళు సగం, తేర్చిన కొత్త నీళ్ళు సగం పోశాను. పెద్ద తొట్టిలో గాలి మోటారు దగ్గర నానుతున్న స్పాంజిని సగం కోసి ఇందులో పెట్టాను. మా రూములో బహ్లా ఊరి మట్టికూజా ఒకటి పగిలితే దాని మెడ ముక్క తెచ్చి అడుగున వేశాను, అవి దాక్కోవడానికి. కిటికీ దగ్గర్నుంచి తీసి నీడలో పెట్టాను. దాని వల, దాని చెంబు దానికే, కలిసిపోకుండా ఎర్రదారం కట్టాను. ఈసారి సాలెం ఐదు తెచ్చాడు. సంచి విప్పకుండా అరగంట నీళ్ళ మీద తేలనిచ్చి, అప్పుడు మెల్లగా వదిలాను.

అవి ఆ కూజా ముక్కలో దూరి రెండు రోజులు బయటికి రాలేదు. సాలెంకి ఉక్రోషం వచ్చింది. "సిస్టర్, యే తో జేల్ హై! ఏం నేరం చేశాయి ఇవి?" అని రోజూ నా ప్రాణం తీసేవాడు. జైలు కాదయ్యా, మా వైపు పెళ్ళివారు వస్తే తిన్నగా పందిట్లోకి తీసుకురాం, ముందు విడిదింట్లో దింపి, కాళ్ళకి నీళ్ళిచ్చి, అన్నీ అమర్చి, అప్పుడు పిలుచుకొస్తాం, ఇదీ అంతే అని వచ్చీరాని హిందీలో చెప్పాను. అర్థమైందో లేదో గానీ ఆ మర్నాటి నుంచి వాటికి మేత తనే వేస్తానన్నాడు. నాలుగో రోజున ఒకదానికి తెల్ల చుక్కలు తేలాయి. అయినా కంగారుపడలేదు. చిటికెడు ఉప్పు, నీలం మందు, రోజూ కొంచెం నీళ్ళు మార్చడం. పదో రోజుకి తగ్గింది. నిన్న గురువారం ఐదింటినీ పెద్ద తొట్టిలో వదిలాం. పాత చేపలు వాటిని పట్టించుకోనే లేదు, మేతకోసం కొట్టుకోవడం తప్ప.

ఇప్పుడు అసలు సంగతి. నీ గురించి డాక్టరుని అడిగాను. మా అన్నయ్య సంగతి అని చెప్పుకోడానికి సిగ్గేమీ పడలేదు. ఆయనేమన్నాడంటే, ఈ జబ్బు గ్లాసులోంచి వచ్చేది కాదు, దగ్గులోంచీ ఊపిరిలోంచీ వస్తుంది, గ్లాసు బాగా కడిగితే చాలు అన్నాడు. కాబట్టి ఆ గ్లాసు మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నయ్యా. నాది తప్పు, క్షమించు. కంచం మాట కూడా తీసుకున్నాను. ఇంట్లో ఏ గ్లాసు నీకిష్టమైతే దాంతో తాగు. వదినా, నువ్వు చదివి వినిపిస్తుంటే ఈ ముక్క రెండుసార్లు చదువు.

కానీ పడక మాట మాత్రం తీసుకోను. తిట్టినా తీసుకోను. కఫం పరీక్ష శుభ్రంగా ఉందని వచ్చేదాకా, రెండు నెలలో మూడు నెలలో, నువ్వు పంచలో పడుకోవాలి. గాలీ వెలుతురూ అక్కడే ఉన్నాయి. దగ్గు వస్తే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకో. కఫం మూత ఉన్న డబ్బాలోనే, తర్వాత కాల్చెయ్యాలి. సూదులూ మాత్రలూ ఒక్కటీ తప్పకూడదు. బుజ్జిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఒకసారి చూపించమని వదినకి చెబుతున్నాను. బుజ్జి లోపల వదిన పక్కన పడుకుంటుంది. నీ గుండెల మీద కాదు.

ఆ పంచని నీకు విడిదిల్లులా చెయ్యమని వదినకి చెబుతున్నాను. నులకమంచం బిగించి, ఎండ పడే వైపు తడిక కట్టించు వదినా. నీ పాటల పుస్తకం దగ్గర పెట్టుకో అన్నయ్యా. వచ్చే నెల సెలవు మీద వెళ్ళే మా సిస్టరు చేత ట్రాన్సిస్టరు పంపుతున్నాను. బుజ్జి గుమ్మం లోపల కూర్చుంటే నువ్వు మంచం మీంచే కథ చెప్పు. అంత దూరం నుంచి కథ వింటే దానికేమీ కాదు. ఆ సిస్టరు తిరిగొచ్చేటప్పుడు నాకు గోంగూర పచ్చడి, కొంచెం కారం పంపండి. రూములో ఇద్దరూ కేరళ అమ్మాయిలే, అన్నిట్లో కొబ్బరే. ఎండలు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం తలుపు గడియ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు మాత్రం తోచదు. గుడి లేదు, పాట లేదు, నీ గొంతు వినాలనిపిస్తుంది.

బుజ్జిని ఎత్తుకోకుండా ఉండటం నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. వాళ్ళ నాన్న పోయిన రోజు నుంచీ అది నీ భుజం దిగలేదు. నేను బస్సెక్కినప్పుడు కూడా అక్కడే ఏడ్చింది. ఇప్పుడు నువ్వు ఎత్తుకోకపోతే ఏడుస్తుంది, మావయ్యా అని గుమ్మం పట్టుకుని ఏడుస్తుంది. ఏడవనీ. వదిన సముదాయిస్తుంది. దానికి నాలుగేళ్ళు, మర్చిపోతుంది. జబ్బు అంటుకుంటే మాత్రం నేను ఇక్కడ ఉండలేను, నువ్వు అక్కడ బతకలేవు.

నాకున్నది నువ్వూ బుజ్జీ, మీరిద్దరే అన్నయ్యా. ఇద్దరూ కావాలి నాకు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, నన్ను ఇంకా తిట్టాలనుంటే తిట్టు, కానీ చివర్న "పంచలోనే పడుకుంటున్నాను" అని ఒక్క ముక్క నీ చేత్తో రాసి పంపు.

వదినకూ, పాస్టరుగారికీ, పేటలో పెద్దలందరికీ నా వందనాలు. బుజ్జికి ముద్దులు. నువ్వు చల్లగా ఉండి నన్ను దీవించాలని కోరే

నీ చెల్లెలు,
సుగుణ