రెండు పూటలా రాయాలి

మహారాజశ్రీ బావగారికి,

మీ ఒక్కగానొక్క బావమరిది నమస్కరించి రాయునది. నేను క్షేమంగా చేరాను. ఇక్కడ పద్నాలుగు అంతస్తుల భవనంలో ఆరు లిఫ్టులు బిగించాలి. అవి పూర్తయ్యేదాకా లిఫ్టులు బిగించేవాడు మెట్లెక్కాలి. మూడు నెలలు పడుతుంది.

ఇక దొర సంగతి. బయల్దేరేరోజు కుక్క గొలుసు మీ చేతిలో పెట్టి పరిగెత్తాను గానీ అసలు మాట చెప్పడానికి నోరు రాలేదు. గుండె అలిసిపోయిందని డాక్టరు అన్నాడు. వయసు మీదపడింది, పొట్ట పెరిగింది, కదలిక తగ్గింది. ఇలాగే వదిలేస్తే ఏడాది కష్టం అన్నాడు. తిండి మార్చి, నడిపించి, మనసు కులాసాగా ఉంచితే ఇంకా చాలా ఏళ్ళు బతకొచ్చట. దీన్ని సంపూర్ణ సంరక్షణ అంటారట.

డాక్టరు చీటీ చూసి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వేపుళ్ళు బంద్. ఉప్పు చిటికెడు. ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్టు, గుడ్డు, చేప, కాస్త అన్నం. బేకరీ ఉన్న వీధిలోకి వెళ్ళకూడదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడక. టీవీలో వార్తలు చూస్తూ అరవకూడదు. సిగరెట్లు పూర్తిగా మానాలి. కీళ్ళ నూనె, రెండు పూటలా రాయాలి.

ఇంకో ముఖ్యమైన మాట. దొర ఒంటరిగా తినడు. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని అదే గిన్నెలోది తినాలి. అక్కయ్యకి కుట్టుపనితో తీరిక ఉండదు. కనక ఆ ఎవరో ఒకరు ఎవరో మీకే వదిలేస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఇదంతా దొర కోసమే చెప్తున్నాను. మీ ఆరోగ్యం గురించి నోరెత్తనని, పోయినేడు మీరు మీ డాక్టరు చీటీని నాలుగు ముక్కలు చేసి నా జేబులో కుక్కిన రోజే చెంపలేసుకున్నాను.

❖

చిరంజీవి బావమరిదికి,

బావ ఆశీర్వదించి, ఆనక తిట్టి రాయునది. నీ ఉత్తరం వచ్చి పదమూడు రోజులైంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తోక కూడా నీ కుక్కదే.

దొర నిజంగానే ఒంటరిగా తినడంలేదు. గిన్నె ముందు కూర్చుని నా మొహంలోకి చూస్తాడు. నేను ఒక ముద్ద తింటే వాడో ముద్ద. నేను ఆపితే వాడూ ఆపుతాడు. ఉప్పులేని గుమ్మడికాయ ఎలా ఉంటుందో నీకు తెలుసా? తడిసిన అట్టపెట్టెలా ఉంటుంది. "నాకు వేరే ఏమైనా వండు" అని మీ అక్కని అడిగితే, "రెండు వంటలు చెయ్యడానికి నాకేమైనా నాలుగు చేతులున్నాయా" అని మిషను తొక్కడంలో పడిపోయింది.

దొర సిగరెట్టు తాగడం నా కళ్ళతో నేను చూడలేదు. బహుశా నా పొగ పడటంలేదని డాక్టరు ఉద్దేశం కావచ్చు. అందుకని మానేశాను. వాడికి వార్తలంటే అసలు గిట్టదు, టీవీ పెడితే లేచిపోతాడు. వాడు లేచిపోతే నేను వెనకాల వెళ్ళక తప్పదు.

నడకకి మాత్రం మంచి ఉపాయం దొరికింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి కదా, "రైట్ రైట్" అంటే బయల్దేరుతున్నాడు. "హోల్డాన్" అంటే మాత్రం ఆగడు.

నువ్వు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేస్తున్నాను. ట్రిప్ షీటులాగే గీతలు కొట్టి ఒక పుస్తకం పెట్టాను. బయల్దేరిన వేళ, చేరిన వేళ, ఆగిన చోట్లు. రెండు పూటలా రాయమన్నావు కనక రాస్తున్నాను. పొద్దున "కీళ్ళ నూనె", సాయంత్రం "కీళ్ళ నూనె". ఇప్పటికి ఇరవయ్యారు సార్లు రాశాను. కుక్కకి వీసమెత్తు గుణం కనిపించలేదు.

ఇట్లు,
నీ బావ

తా.క. నూనె సీసా ఎందుకు పంపావో తెలియలేదు. తలుపు బందుకి వేశాను. ఇప్పుడది కిర్రుమనడంలేదు, సంపూర్ణ సంరక్షణ పనిచేస్తోంది.

❖

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం తొమ్మిదో అంతస్తు మెట్ల మీద చదివాను. నవ్వు ఆపుకోలేక స్పానరు వదిలేస్తే అది ఎనిమిదో అంతస్తులో మేస్త్రీ సద్దిగిన్నెలో పడింది. ఆయనిప్పుడు నాతో మాట్లాడటంలేదు.

రాయడమంటే కాగితం మీద కాదు బావగారూ, కీళ్ళ మీద! నూనె అరచేతిలో వేసుకుని, వేడెక్కేదాకా రుద్ది, మోకాళ్ళకి పట్టించాలి. ముందు మీ మోకాళ్ళ మీద ఎంత వేడి ఉందో చూసుకుని తర్వాత దొరకి రాయండి. లేకపోతే కాలుతుంది.

అలాగని పుస్తకం రాయడం మానకండి. ఎన్ని గంటలకి లేచాడు, ఏం తిన్నాడు, ఎంతదూరం నడిచాడు, మనసు ఎలా ఉంది, అన్నీ రాయండి. వారం వారం అక్కయ్య దాన్ని డాక్టరుకి చూపిస్తుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. గుమ్మడికాయని తిట్టకండి. దొర ముందు తిడితే వాడి మనసు పాడవుతుంది.

❖

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నెలా పది రోజులైంది. ముందుగా ఒక నేరం ఒప్పుకోవాలి. మొన్న మంగళవారం ఇద్దరం దారి తప్పి బేకరీ వీధిలోకి వెళ్ళాం. దారి తప్పింది నేను, వాడు కాదు. ఒక క్రీం బన్ను కొని చెరి సగం చేశాను. నేను నా సగం నోట్లో పెట్టుకునేలోపు దొర తన సగం వాసన చూసి, తల తిప్పేసి, నావైపు అదోలా చూశాడు. మా డిపో మేనేజరు కూడా నన్ను ఎప్పుడూ అలా చూడలేదురా. నా సగం కూడా చెత్తబుట్టలో వేసి ఇంటికొచ్చాను.

నా ప్యాంట్లన్నీ వదులైపోయాయి. మీ అక్క కొలతలు తప్పి కుట్టిందని గొడవపడ్డాను. కిక్కురుమనకుండా నడుము దగ్గర రెండంగుళాలు పట్టి ఇచ్చింది. తప్పు ఒప్పుకుందన్నమాట.

ఇప్పుడు నవ్వకుండా చదువు. రోజూ పొద్దున నడిచొచ్చాక దొర పక్కన నేలమీద పడుకుని వాడి ఛాతీకి చెవి పెట్టి వింటున్నాను. ఏడాది కష్టం అన్నారు కదా, ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. నిన్న వింటూ వింటూ ఏడ్చాను. మీ అక్క చూసి, ఏదో గుర్తొచ్చినట్టు చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయింది. వీడు పోకూడదురా. మొదటిరోజు గొలుసు పుచ్చుకున్నప్పుడు ఈ పీడ ఎప్పుడు వదులుతుందా అనుకున్నాను. ఆ పాపం తగలకుండా రోజుకి మూడుసార్లు నడిపిస్తున్నాను.

ఇట్లు,
నీ బావ

తా.క. నూనె రాస్తున్నాను, మోకాళ్ళకే. ముందు నావి, తర్వాత వాడివి. ఇద్దరం కలిసి మేడమెట్లు ఎక్కాం.

❖

బావగారికి,

నమస్కారం. ఇది అర్జెంటు, కాబట్టి కుశలప్రశ్నలు లేవు.

మీ పుస్తకం చదివి డాక్టరు కంగారు పడుతున్నాడట. అక్కయ్య ఫోను చేసి, నేను అడిగితేనే మీరు సరిగ్గా చెప్తారంది. ఎనిమిదో తారీఖున మీరు రాసింది ఇది. "ఆరింటికి లేచాడు. గోడకి వీపు రాసుకున్నాడు. పదకొండు స్తంభాల దగ్గర ఆగాడు. ప్రతి దాని దగ్గరా కాలెత్తాడు. పక్కింటి పిల్లిని తరిమాడు. పోస్ట్‌మ్యాన్ ప్యాంటు పట్టుకుని వదల్లేదు. వార్తలు చూడలేదు. సిగరెట్టు తాగలేదు. మనసు కులాసా."

ఇందులో ఎవరు ఏది చేశారో దయచేసి విడదీసి రాయండి. స్తంభాల సంగతి ముఖ్యం. డాక్టరు దానికి ఏదో మందు కూడా రాశాడట.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. పోస్ట్‌మ్యాన్ ప్యాంటు మీరు పట్టుకోలేదు కదా?

❖

ద్రోహి బావమరిదికి,

బావ రాయునది. ఆశీస్సులు ఈసారి లేవు, తర్వాత చూద్దాం.

కుక్కకి మందు రాయడానికి డాక్టరు స్తంభాల గురించి అంత ఇదైపోవడం ఏమిటని అప్పుడే అనుమానం వచ్చింది. నిన్న మీ అక్క, "మోకాలు నొప్పి, తోడు రండి" అని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అది కుక్కల ఆసుపత్రి కాదు. పోయినేడు నేను వెళ్ళిందే. ఆ డాక్టరే. మీ అక్క మోకాలివైపు చూడనైనా చూడకుండా నా చొక్కా విప్పించి గుండె విన్నాడు. విని, "అద్భుతం! ఇలాగే కొనసాగించండి. కాకపోతే ఆ పిల్లుల్ని తరమడం తగ్గించండి, ఈ వయసులో పరుగు మంచిది కాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "స్తంభాల విషయంలో సిగ్గుపడాల్సిన పనిలేదు, చాలామంది మగవాళ్ళకి ఉండే ఇబ్బందే" అన్నాడు. పక్కన నర్సు కూడా ఉంది.

అప్పుడు చూశాను బల్లమీద. పోయినేడు నేను చదవకుండానే నాలుగు ముక్కలు చేసిన చీటీ. నీ జేబులో కుక్కిన ముక్కల్ని నువ్వు మీ అక్కకిచ్చావు, మీ అక్క వాటిని కుట్టుమిషను మీద కుట్టింది. కనపడకుండా తెల్లదారం వాడింది. వేపుళ్ళు, వార్తలు, సిగరెట్లు, నూనె, అన్నీ ఉన్నాయి. "గుండె అలసింది, ఇలాగే వదిలేస్తే ఏడాది కష్టం" అన్నది కూడా ఉంది. పైన నా వయసు, నా బరువు.

ఇన్ని రోజులూ నేలమీద పడుకుని ఏడ్చింది నా గుండె కోసమా ఒరేయ్!

ఒళ్ళు మండిపోయింది. చీటీ పట్టుకుని మళ్ళీ చింపబోయాను. చిరగలేదు. మీ అక్క కుట్టింది కదా, రెండు వరసలు వేసింది. తలెత్తి చూస్తే కుర్చీలో కూర్చుని చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "చెప్తే వినరుగా" అంది. అంతే అంది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

దొరని కూడా పశువుల డాక్టరుకి చూపించాను, ఇక మీ మాటలు నమ్మదల్చుకోలేదు. వాడికి ఏ జబ్బూ లేదట, పదమూడేళ్ళు నిండినా గట్టిగా ఉన్నాడట. "ఇదే తిండి, ఇదే నడకయితే ఇంకో నాలుగేళ్ళు నిశ్చింత" అన్నాడు. నాకూ అంతేనా అని అడిగాను. "నేను పశువుల డాక్టర్నండీ" అన్నాడు. మీ అక్క, "ఫర్వాలేదు, చెప్పండి" అంది.

నువ్వు వచ్చే నెల వస్తున్నావు. రా. నీకు గుమ్మడికాయ వడ్డిస్తాను, ఎదురుగా కూర్చుని నీతో తినిపిస్తాను. దొరని మాత్రం తిరిగి ఇమ్మని అడక్కు. వాడు ఒంటరిగా తినడు. నేనూ తినను.

ఇట్లు,
గుండె గట్టిబడిన నీ బావ

తా.క. రెండు పూటలా రాస్తున్నాను. మీ అక్క మోకాళ్ళకి. ముప్ఫై ఏళ్ళు మిషను తొక్కిన మోకాళ్ళు అవి, నొప్పి అబద్ధం కాదట. ఆ ఒక్కటీ నిజమేనని నూనె రాస్తుంటే తెలిసింది.

ఇంకో తా.క. పోస్ట్‌మ్యాన్ ప్యాంటు పట్టుకుంది నేనే. దొర గుండె గురించి నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందేమో సరిగ్గా వెతకమన్నాను.