గిటారు మెడ కొలత

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోన్‌కి నేనింకా ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. మొన్న మోగింది. నువ్వు ఎలక్ట్రిక్ గిటారు చెయ్యమని చెప్పొచ్చిన బొబ్బిలి వీణల మేస్త్రి. పనస చెక్క ఆరడానికి ఇన్నాళ్లు పట్టిందట. తీగలు నొక్కే మెడ ఒకసారి నీ చేతికిచ్చి చూశాకే పూర్తి చేస్తానన్నాడు. నీ సంగతి ఫోన్‌లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ శ్రీకాకుళంలో బస్సెక్కి నేనే వెళ్లాను.

చెప్పాక ఆయన చేతిలో ఉలి కింద పెట్టాడు.

"అయితే పని ఆపీమంటావా తల్లీ?"

"వద్దు, పూర్తి సెయ్యండి."

"మరి ఆ బాబు సెయ్యి ఏపాటి ఉండీదమ్మా? ఏళ్లు పొడుగా, పొట్టా?"

నా అరచెయ్యి విప్పి చూసుకున్నాను. ఆర్కెస్ట్రాలో వాయించి వచ్చాక నీ వేళ్లకి ఎన్నిసార్లు కొబ్బరినూనె రాశాను! తీగలకి కాయలు కాసిన కొసలు గుర్తున్నాయి. చెయ్యి ఎంతుండేదో మాత్రం చెప్పలేకపోయాను బావా. నాకంటే పెద్దదే. ఎంత పెద్దదో తెలీలేదు. అక్కడే ఏడుపొచ్చేసింది.

మేస్త్రి మెడ నా చేతిలో పెట్టాడు. "నువ్వే పట్టుకుని సూడమ్మా. నీకు అందినట్టు సేసేస్తాను."

లావుగా ఉన్నాదని చెప్పాను. ఆయన చెక్కి ఇచ్చాడు, నేను పట్టుకుని చూశాను, మళ్లీ చెక్కాడు. చివరికి నా వేళ్లు చుట్టూ అందాయి.

వచ్చే నెల వెళ్లి తెచ్చుకుంటాను. నాకు వాయించడం రాదు. ఇప్పుడు నువ్వొచ్చినా అది నీ చేతికి సరిపోదు.