జావోరిస్ గురించి నేను రాయనిది

యాజూ సిటీ, మిసిసిపీ
సెప్టెంబరు 14

ప్రియమైన తర్మన్‌కు,

నీ మీదా, మార్సెలా మీదా, పిల్లల మీదా దేవుడి దయ ఉండాలని కోరుకుంటూ లవెల్ రాసేది. ఉభయకుశలోపరి అనడం మర్యాద. నీ కుశలం పేపర్లో ఫొటోతో సహా చూస్తూనే ఉన్నాను. నా కుశలం నువ్వు అడగలేదు, నేను చెప్పుకోను. మా అక్క ఓరా ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాను. ఇక్కడ పత్తి విచ్చింది. ఏటా ఈ వేళకి ఏదో ఒక కాలేజీ ఫుట్‌బాల్ మైదానం గట్టున నిలబడి ఉండేవాణ్ణి. ఈసారి అక్క కోళ్ళకి గింజలు చల్లుతున్నాను.

ఉద్యోగం తీసేశావని కాదు నా కోపం. జట్టుకి మేనేజరువి, ఆ అధికారం నీది. కానీ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఒకే గదిలో పడుకున్నవాళ్ళం. ఆ మాట నువ్వే వచ్చి చెప్పొచ్చు కదా. నువ్వు మేడ మీద కిటికీ అద్దం వెనక నిలబడి, నిన్నగాక మొన్న చేరినవాణ్ణి కిందికి పంపావు. జట్టు కారు తాళాలిస్తారా సార్ అన్నాడు. ఫోను కూడా అన్నాడు. ఇంటికెలా వెళ్ళను నాయనా అంటే, బస్సు ఎన్నింటికుందో చూసి చెప్పమంటారా అన్నాడు. పాపం, మంచివాడే. నేను తలెత్తి చూసేసరికి నువ్వు అద్దం దగ్గర్నుంచి తప్పుకున్నావు.

ప్రతి వసంతంలో మీరు కాలేజీ కుర్రాళ్ళని ఏరుకోవడానికి కూర్చునే ముందు, ఊరూరూ తిరిగి వాళ్ళని చూసి వచ్చేది మాలాంటి స్కౌట్లే. మోకాలు పోయి ఆట మానేసిన నాటి నుంచి నాకదే బతుకు. అరచెయ్యి ఎంత వెడల్పు, తుంటి ఎలా తిరుగుతోంది అంటూ సంతలో ఎద్దుని చూసినట్టు చూశాను మనుషుల్ని. కుర్రాడి ఇంటికి వెళితే ముందు తినాలి, తర్వాతే అడగాలి. అన్నం పెట్టిన తల్లి ఏదీ దాచుకోదు. ఈ విద్య నా తర్వాతివాళ్ళకి కూడా నేర్పాను. ఆ తిరుగుళ్ళలోనే నా భార్యని పోగొట్టుకున్నాను. ఓసారి మోటెల్ నుంచి ఫోను చేస్తే, ఎవరండీ మీరు అంది వెర్లీన్, వేళాకోళంగా. మరోసారి అన్నప్పుడు అది వేళాకోళం కాదు.

జావోరిస్ టిల్మన్ తల్లి ఆర్లెట్ కూడా అలాగే పెట్టింది. క్యాట్‌ఫిష్ వేపుడు, ఉడికించిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. ఇంకో ముక్క వేసుకో నాయనా, చిక్కిపోయావు అంది. నన్ను! నవ్వొచ్చింది. ఆ తర్వాత నేను అడక్కుండానే చెప్పింది. పెద్దకొడుకు కారు ప్రమాదంలో పోయినప్పుడు జావోరిస్ పక్క సీట్లోనే ఉన్నాడట. అప్పట్నుంచి ఒక్కో పొద్దున వాడు ఆటకి వెళ్ళలేడు. బట్టలతోనే ఖాళీ స్నానాలతొట్టిలో కూచుంటాడు. పిలిస్తే పలకడు. ఎవరో ఒకరు పక్కన కూచుని మాట్లాడుతుంటే కాసేపటికి లేచి, ఆకలేస్తోంది అంటాడు.

ఆ ముందురోజే వాడి పరుగు చూశాను తర్మన్. అంత అందమైన పరుగు నా కళ్ళు ఎన్నడూ చూడలేదు. తల్లి చెప్పింది రిపోర్టులో రాస్తే ఏ జట్టూ వాడి జోలికి రాదు. నేను రాయలేదు.

వసంతంలో ఏరుకునేటప్పుడు నువ్వు రెండో రౌండులోనే వాణ్ణి తీసుకున్నావు. నా భుజం తట్టి, నీ కళ్ళకి దండం పెట్టాలిరా లవెల్ అన్నావు. ఆగస్టు సాధన శిబిరంలో ఓ ఉదయం వాడు మైదానానికి రాలేదు. మర్నాడూ రాలేదు. హోటలువాళ్ళు గది తెరిచి చూస్తే తొట్టిలో ఉన్నాడు. నీకిది ముందే తెలుసా అని నన్నడిగావు. తెలుసన్నాను. తెలీదని ఉంటే ఇవాళ నాకు కారుండేది. పుచ్చు సరుకు అంటగట్టావు కదరా అన్నావు, అందరి ముందూ. సరుకు! వాణ్ణి ఆ వారమే ఇంటికి పంపేశావు.

పోయిన ఆదివారం ఓరా ట్రక్కు అడిగి తీసుకుని ఆర్లెట్ దగ్గరికి వెళ్ళాను. ఆమె కొడుకు కోసం కూడు పోగొట్టుకున్నవాణ్ణి కదా, నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను. గడప దాటనివ్వలేదు. దాచమని నీకు చెప్పానా, అంది. నా బిడ్డని తీసుకెళుతున్నారు, వాడి సంగతి తెలిసి ఉండాలని చెప్పాను. వాడు కనిపించని పొద్దున ఎవరైనా వెళ్ళి తలుపు తడతారని చెప్పాను. ఒక్కరు తట్టుంటే సరిపోయేది కదయ్యా, అంది. ఎవరమ్మా అని లోపల్నుంచి జావోరిస్ అడిగాడు. ఎవరూ లేర్రా అని తలుపేసింది.

వాడిప్పుడు చేపలు కోసే ఫ్యాక్టరీలో పనికి వెళుతున్నాడట. ఏ జట్టూ మళ్ళీ ఫోను చెయ్యలేదు.

నువ్వు పంపిన చేతిగడియారం దీనితోపాటే తిప్పి పంపుతున్నాను. సేవలకు కృతజ్ఞతతో అని వెనక చెక్కించావు. నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

ఇక ఉంటాను.

ఒకప్పటి నీ గదివాడు,
లవెల్ ప్రూయిట్

తా.క. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. కాలేజీలో మన ఆఖరి ఏడు మీ నాన్న నదిలో మునిగి పోయాక నువ్వు గోడవైపు తిరిగి పడుకుండిపోయావు. తిండి లేదు, మాట లేదు. నీ కాళ్ళ వడి చూసి ముసలి స్కౌటు హాస్కెల్ నిన్ను ఏరుకున్నాడని విందుల్లో ఇప్పటికీ చెబుతుంటావు. అంతకుముందు ఆయన హాస్టలు మెట్ల మీద నన్ను ఆపాడు. మీ గదివాడికి బుర్ర చెడిందంటున్నారు, నిజమేనా కుర్రాడా అన్నాడు. క్యాంటీనులో కోడికూర పడక వాంతులండీ, ఇంకేం లేదు అన్నాను. ఆయన నవ్వి, అయితే రేపు చూస్తాలే అన్నాడు. నేను పైకొచ్చి నీ ముఖం కడిగాను. బూట్లు తొడిగాను. నన్నూ, మా అమ్మనీ కలిపి తిట్టావు. తిట్టనిచ్చాను. మర్నాడు పొద్దున్నే చంకలో చెయ్యేసి మైదానం దాకా నడిపించుకెళ్ళాను. హాస్కెల్ వచ్చి గట్టున నిలబడేసరికి నువ్వు పరిగెడుతున్నావు.